కొండచరియలు జారు చోట్లను పటముపై ముందుగా గుర్తించుట

2024 జూలై 30వ తేదీ తెల్లవారకముందే కేరళ రాష్ట్రము వయనాడు జిల్లాలోని ముండక్కై, చూరల్‌మల గ్రామములపై కొండచరియ విరిగి పడినది. తోటలు, ఇండ్లు, బడి, వంతెన బురదలోను బండలలోను కలిసిపోయినవి. 250 మందికి పైగా మరణించిరి. వారిలో చాలమంది తేయాకు, ఏలకుల తోటలలో పని చేసి బ్రతుకువారు.

ఇట్టి ఆపద ఎప్పుడు ఎచ్చట వచ్చునో మనుష్యులకు తెలియదని చాలమంది తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. ఇందు రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఏ వాలు జారును అనునది మొదటిది. ఎప్పుడు జారును అనునది రెండవది. మొదటిదానికి పటము జవాబు చెప్పును. రెండవదానికి వాన లెక్క జవాబు చెప్పును. ఈ రెండింటిని కలిపి చూచు పద్ధతి నేడు కంప్యూటరు సహాయముతో చాల ముందుకు సాగినది. ఆ పద్ధతి ఎట్టిది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును, దానికి రైతు చేయగల సాయమేమి అను విషయములను ఇచ్చట వివరింతుము.

కొండవాలు ఏల జారును?

వాలుపైనున్న మట్టిని బరువు క్రిందికి లాగుచుండును. మట్టి రేణువుల మధ్యనున్న పట్టు, చెట్ల వేళ్ల పట్టు దానిని నిలిపి యుంచును. ఎండకాలమున పట్టు ఎక్కువ, లాగుడు తక్కువ. వాన పడినప్పుడు రెండును తారుమారగును.

100 మిల్లీమీటర్ల వాన పడినదనగా ఎకరాకు సుమారు 4 లక్షల లీటర్ల నీరు పడినదన్నమాట. దాని బరువు 400 టన్నులు. ఇందులో కొంత పారిపోగా మిగిలినది నేలలోనికి ఇంకును. అడుగున గట్టి రాయి తగులగానే అచ్చట నిలిచిపోవును. అప్పుడు రేణువుల సందులలో నిండిన నీరు వాటిని ఎడముగా త్రోయును. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడుటకు కారణమిదియే. ఎండిన చేనిలో నిలిచిన కాలు, నీరు నిండిన మడిలో నిలువదు. కొండవాలుపై కూడ రాతికిని మట్టికిని నడుమ ఇట్టి మెత్తని పొర ఏర్పడినచో పై మట్టి అంతయు ఒక్కసారిగా జారును.

కావున వాలు ఎంత నిటారుగా నున్నది, మట్టి ఎంత లోతున్నది, అడుగునున్న రాయి ఎట్టిది, నీరు ఏ దిక్కుగా పోగగును, వేళ్లు ఎంత లోతు పోయినవి, వాలు పాదమును దారి కొరకు ఎవరైన త్రవ్విరా అను విషయములు తెలిసినచో ఆ వాలు స్వభావము చాలవరకు తెలియును.

పటము తయారు చేయు విధము

పూర్వము ఈ విషయములను ఒక్కొక్క దానిని వేరు వేరు కాగితములపై గీసి, ఒకదానిపై నొకటి పరచి, వెలుతురునకు ఎత్తి చూచెడివారు. నేడు ఆ పనిని మ్యాపింగు సాఫ్టువేరు చేయుచున్నది. వీనిలో కొన్నింటిని వెల చెల్లించి కొనవలెను. 2002లో మొదలైన క్యు.జి.ఐ.ఎస్. వంటివి ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును.

సాఫ్టువేరు కొండ ప్రాంతమునంతటిని చిన్న చిన్న చదరపు గడులుగా విభజించును. ఒక్కొక్క గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అనుకొనుడు. ప్రతి గడి ఎత్తు ఉపగ్రహముల వలన తెలియును. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి అంతరిక్ష నౌక 11 దినములు తిరిగి రాడారుతో భూమిలో చాల భాగమునకు ఎత్తులు కొలిచినది. 2005లో మన దేశము పంపిన కార్టోశాటు-1 ఉపగ్రహము వలన మనకు స్వంతముగా కొలతలు లభించినవి. ఒక గడి నుండి ప్రక్క గడికి 30 మీటర్ల దూరములో 17 మీటర్లు దిగుడు ఉన్నచో అచ్చటి వాలు సుమారు 30 డిగ్రీలు అని లెక్క తేలును. నీరు ఏ గడి నుండి ఏ గడికి పోవునో కూడ ఈ ఎత్తుల నుండియే తెలియును.

దీనిపై రాతి పటము, నేలల పటము, అడవి తోటల పటము, దారుల పటము పరతురు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అది పూర్వము జారిన చోట్ల పటము. ఒకసారి జారిన చోటును, దానివంటి వాలులను చూచియే ముందు జారబోవు వాలులను ఊహింపవలసియున్నది.

ఈ లెక్కను ఒక కల్పిత ఉదాహరణముతో చూతము. ఒక కొండ ప్రాంతము విస్తీర్ణము 100 చదరపు కిలోమీటర్లు. అందు పూర్వము 100 చోట్ల చరియలు జారినవి. ఆ ప్రాంతములో 30 నుండి 40 డిగ్రీల వాలు గల భూమి 20 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కాని జారిన 100 చోట్లలో 50 ఆ వాలులోనే ఉన్నవి. నూటికి 20 పాళ్ల భూమిలో నూటికి 50 పాళ్ల జారుడు కలిగినది. 50ని 20చే భాగించగా 2.5 వచ్చును. 1 కంటె ఎక్కువ వచ్చినచో ఆ లక్షణము జారుడునకు అనుకూలము. తక్కువ వచ్చినచో ప్రతికూలము. ఇట్లే రాతికి, నేలకు, దారి దూరమునకు, అడవికి వేరు వేరుగా అంకెలు కట్టి, ప్రతి గడికి వానిని కూడుదురు. మొత్తము ఎక్కువ వచ్చిన గడులకు ఎరుపు, నడిమివానికి పసుపు, తక్కువవానికి ఆకుపచ్చ వేయుదురు.

ఈ పటము సరియైనదా కాదా అని పరీక్షించుటకు ఒక మంచి పద్ధతి కలదు. జారిన 100 చోట్లలో 30 చోట్లను దాచియుంచి, మిగిలిన 70తోనే పటము చేయుదురు. పిదప దాచిన 30 చోట్లను పటముపై పెట్టి చూతురు. అవి చాలవరకు ఎరుపు గడులలో పడినచో పటము పనికివచ్చును. చెల్లాచెదురుగా పడినచో మరల మొదటినుండి చూడవలెను.

మన దేశమున ఈ పని ఎంత జరిగినది?

భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు దేశములో చరియలు జారుటకు వీలున్న సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్ల భూమికి ఇట్టి పటములు తయారు చేసిరి. మంచుకొండలను వదలి చూచినచో ఇది దేశ విస్తీర్ణములో నూటికి సుమారు 12.6 పాళ్లు. 2024 జూలైలో కలకత్తాలో జాతీయ కొండచరియల సూచన కేంద్రమును కూడ ప్రారంభించిరి.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రమువారు 2023లో ఒక అట్లాసు ప్రకటించిరి. 1998 నుండి 2022 వరకు జారిన సుమారు 80,000 చోట్లను ఉపగ్రహ చిత్రముల సాయముతో అందుకై గుర్తించిరి. 147 జిల్లాలను ప్రమాద క్రమములో పేర్చగా వయనాడు 13వది అయినది. 2024 దుర్ఘటన తరువాత ఆ కేంద్రమువారే మబ్బులగుండ చూడగల రాడారు ఉపగ్రహము చిత్రములను, కార్టోశాటు-3 చిత్రములను పరిశీలించిరి. సముద్రమట్టమునకు సుమారు 1,550 మీటర్ల ఎత్తున చరియ విరిగినదనియు, విరిగిన తావు 86,000 చదరపు మీటర్లనియు, బురద సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించినదనియు తేల్చిరి. అచ్చటనే పూర్వము జారిన గుర్తులు కూడ ఉన్నవి. ముండక్కై ప్రాంతమున 1984లోను చరియ విరిగి ప్రాణనష్టము కలిగెను. 2019లో సమీపమునున్న పుత్తుమలలో 17 మంది మరణించిరి. జారిన చోటే మరల జారుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

చుక్కల నడుమ ఖాళీని పూరించుట

పటమునకు ఎత్తులు అన్ని గడులకు దొరకును. కాని వాన లెక్క, మట్టి లోతు, భూగర్భ జలము అన్ని గడులకు దొరకవు. కొలిచిన చోట్లు పటముపై కొన్ని చుక్కలు మాత్రమే. రెండు చుక్కల నడుమ ఎంత యుండునో చెప్పుటకు భూగణాంక శాస్త్రము పుట్టినది.

దీని మూలము వ్యవసాయములో కాక గనులలో కలదు. దక్షిణ ఆఫ్రికాలో డేనీ క్రిగ్ అను గనుల ఇంజనీరు బంగారు గనులలో అక్కడక్కడ తీసిన రాతి నమూనాలను బట్టి నడుమనున్న రాతిలో బంగారమెంతయో లెక్కకట్టు పద్ధతిని 1951లో ప్రకటించెను. ఫ్రాన్సు దేశీయుడైన జార్జి మాతెరాన్ 1960 ప్రాంతములందు దానిని శాస్త్రముగా తీర్చి, క్రిగ్ పేరిట క్రిగింగు అని పిలిచెను.

దీని సూత్రము రైతుకు క్రొత్తది కాదు. చేనిలో ఒకచోట తీసిన మట్టిని, పది గజముల దూరమున తీసిన మట్టిని పరీక్ష చేయించినచో ఫలితములు దగ్గరగా నుండును. ఊరి అవతలి చేని మట్టితో పోల్చినచో తేడా ఎక్కువ. దూరము పెరిగినకొలది తేడా పెరుగును. కొంత దూరము దాటిన పిదప ఒకదానికొకటి సంబంధమే యుండదు. దూరమునకును తేడాకును గల ఈ సంబంధమును గీతగా గీసినచో దానిని వేరియోగ్రాము అందురు. క్రిగింగు ఆ గీతను బట్టి ప్రతి చుక్కకు ఎంత విలువ ఇయ్యవలెనో నిర్ణయించును.

ఒక ఊరిలో వర్షమాపకము లేదు. చుట్టునున్న మూడు ఊళ్లలో 90, 110, 60 మిల్లీమీటర్ల వాన నమోదైనది. దగ్గరి ఊరికి నూటికి 50 పాళ్లు, రెండవదానికి 30, మూడవదానికి 20 పాళ్లు విలువ వచ్చినదనుకొనుడు. అప్పుడు 45, 33, 12 కలిపి మన ఊరి వాన 90 మిల్లీమీటర్లని అంచనా. దగ్గరను మాత్రమే చూచి ఈ పాళ్లు నిర్ణయింపరు. రెండు వర్షమాపకములు ఒకే దిక్కున ఒకదాని ప్రక్క ఒకటి యున్నచో వానికి కలిపి ఇంచుమించు ఒక్కదాని విలువయే లభించును. ఒకే ఇంటివారిద్దరు చెప్పిన సాక్ష్యము రెండు సాక్ష్యములు కానట్లే ఇదియు.

కొండ ప్రాంతములో ఒక చిక్కు కలదు. గాలి తగులు వైపున జడివాన కురియుచుండగా, అవతలి వైపు తుంపర మాత్రమే పడవచ్చును. కావున అచ్చట ఎత్తును కూడ లెక్కలోనికి తీసికొందురు.

క్రిగింగులో మరియొక మేలు కలదు. అంచనాతో పాటు ఆ అంచనా ఎంత తప్పు కావచ్చునో కూడ అది చెప్పును. ఎచ్చట చుక్కలు లేవో అచ్చట తప్పు ఎక్కువ. ఆ రెండవ పటమును చూచినచో క్రొత్త వర్షమాపకమును ఏ ఊరిలో పెట్టవలెనో తెలియును.

ఎప్పుడు జారును?

1980లో నెల్ కెయిన్ అను శాస్త్రజ్ఞుడు ప్రపంచములో పలు చోట్ల జరిగిన 73 సంఘటనలను పరిశీలించి, ఎంతసేపు ఎంత జోరుగా వాన పడినచో చరియలు జారుట మొదలగునో ఒక సూత్రము కట్టెను. ఆ సూత్రము ప్రకారము ఒక గంటలో 15 మిల్లీమీటర్లు, 24 గంటలలో సుమారు 103, 48 గంటలలో సుమారు 157 మిల్లీమీటర్లు దాటినచో జారుటకు వీలుండును.

ఇది కనీసపు హద్దు మాత్రమే. ఇంత వాన పడిన ప్రతిసారి కొండ జారదు. పడమటి కనుమలలో వానకాలమందు ఇంతటి వాన వింత కాదు. కావున ప్రతి ప్రాంతమునకు వేరుగా, అచ్చటి వాన లెక్కలు, అచ్చటి జారుడులు చూచి హద్దు కట్టవలెను. వయనాడు దుర్ఘటనకు ముందు 48 గంటలలో దగ్గరనున్న కల్లాడిలో 572 మిల్లీమీటర్ల వాన నమోదైనది. పై హద్దుకు ఇది మూడున్నర రెట్లు మించినది. వయనాడులో ఒక స్వచ్ఛంద పరిశోధన సంస్థవారు ఊరూర తోటల యజమానుల, రైతుల చేత వాన కొలిపించి పోగుచేయుచున్నారు. ఆ లెక్కలను బట్టి వారు ముందటి దినముననే హెచ్చరిక పంపిరి. అనగా లెక్క ఉన్నది, హెచ్చరిక కూడ ఉన్నది. కాని అది ప్రతి ఇంటికి చేరి, ఇంటివారు రాత్రికి ముందే కదలినప్పుడే ప్రాణములు దక్కును.

పటమును చూచి మోసపోరాదు

మొదటిది, ఆకుపచ్చ రంగు అభయము కాదు. చరియ ఎచ్చట విరుగునో చూపు పటము, విరిగిన బురద ఎచ్చటికి పోవునో చూపదు. ముండక్కై, చూరల్‌మల ఇండ్లలో చాలవరకు విరిగిన వాలుపై లేవు. ఏటి ఒడ్డున, క్రింద లోయలో నున్నవి. మైళ్ల దూరమున పైనున్న ఎరుపు గడి వారిని కబళించినది. కావున మన గడి రంగును మాత్రమే కాక, మన ఊరి గెడ్డ ఎచ్చట పుట్టినదో, అచ్చటి రంగేమో కూడ చూడవలెను.

రెండవది, పటము స్కేలు. 50,000కు 1 వంతు స్కేలుగల పటముపై ఒక సెంటీమీటరు అనగా నేలపై అర కిలోమీటరు. చదరముగానున్న ఒక ఎకరము ప్రక్క కొలత అందు మిల్లీమీటరు కంటె కొంచెము ఎక్కువ. అట్టి పటమును చూచి ఇల్లు ఇచ్చట కట్టవచ్చును, అచ్చట కట్టరాదు అని నిర్ణయింపరాదు. ఏ ఊరు, ఏ కొండ ముందుగా పరీక్షింపవలెనో అది చెప్పును. తక్కిన పని నేలపై నడచి చూచి చేయవలసినదే.

మూడవది, పటము పాతబడును. పటము చేసిన తరువాత క్రొత్త దారి వేసినను, అడవి నరికినను, వాగు పూడ్చినను ఆ రంగు మారవలెను.

మన కొండల సంగతి

తూర్పు కనుమలలో వాలులు పడమటి కనుమలంత ఎత్తు కావు. అయినను అపాయము లేకపోలేదు. కొత్తవలస–కిరండూలు రైలుమార్గముపై చరియలు పడి బండ్లు నిలిచిపోవుట వానకాలములో పలుమార్లు జరుగుచున్నది. 2021 డిసెంబరులో తిరుమల రెండవ ఘాటు దారిపై పెద్ద బండలు పడినవి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురమున కొండ బండలు ఇండ్లపై పడి ప్రాణములు పోయినవి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో కాఫీ, మిరియము వేయు రైతులు, పోడు చేయు రైతులు వేలమంది కలరు. అచ్చట విరివిగానున్న ఖోండలైటు రాయి వాతావరణమునకు చివికి లోతైన ఎర్రమట్టి యగును. లోతైన మట్టి పంటకు మేలే. కాని నిటారైన వాలుపై అదే జారుడునకు సరకు.

రైతు చేయగల సాయము

పటము పనితనమంతయు చుక్కల మీద ఆధారపడియున్నది. దారికి దూరముగా, చెట్ల నీడలో జారిన చిన్న చరియలు ఉపగ్రహమునకు కనబడవు. అవి ఆ ఊరివారికే తెలియును. కావున రైతులు ఈ క్రింది పనులు చేయవలెను.

1. వాన కొలుచుట: పైనుండి క్రిందికి ఒకే వెడల్పుగల, 30 సెంటీమీటర్ల లోతు గల డబ్బాను చెట్లకు, ఇంటి చూరుకు దూరముగా ఆరుబయట నిలుపవలెను. ప్రతి దినము ఉదయము 8.30 గంటలకు అందలి నీటి లోతును మిల్లీమీటరు కొలబద్దతో కొలిచి, తేదీతో పుస్తకములో వ్రాసి, డబ్బాను ఖాళీ చేయవలెను. జోరువాన దినములలో సాయంత్రము కూడ కొలువవలెను.

2. జారిన చోటు నమోదు: ఎంత చిన్న చరియ జారినను తేదీ, సమయము, పొడవు వెడల్పుల అంచనా వ్రాసి, ఫోనులో స్థలమును గుర్తు పెట్టి, దూరముగా నిలిచి ఫోటో తీసి సచివాలయమునకు గాని, మండల అధికారులకు గాని అందజేయవలెను. భూగర్భ సర్వేక్షణ శాఖవారి భూస్ఖలన్ అను ఫోను యాప్ ద్వారా కూడ తెలుపవచ్చును. పూర్వము జారిన చోట్లను పెద్దలనడిగి వ్రాయించుట కూడ మంచిది.

3. నేల జాగ్రత్త: నిటారు వాలుపై వాననీటిని నిలుపు గుంటలు త్రవ్వరాదు. నీటిని మెల్లగా ప్రక్క గెడ్డలోనికి నడపవలెను. గెడ్డ దారిని మట్టితో గాని ఇంటితో గాని అడ్డగింపరాదు. వాలు పాదమును నిలువుగా కోయరాదు. కాఫీకి నీడనిచ్చు లోతువేళ్ల చెట్లను ఉంచవలెను.

4. గుర్తులు: వాలు పైభాగమున క్రొత్త బీటలు, ప్రక్కకు ఒరిగిన చెట్లు స్తంభములు, క్రొత్తగా పుట్టిన ఊటలు, గెడ్డ నీరు హఠాత్తుగా బురదగా మారుట, లేక వాన పడుచుండగనే గెడ్డ నీరు తగ్గిపోవుట, కొండలో ఉరుమువంటి మ్రోత అపాయ సూచనలు. నీరు తగ్గినదని సంతోషింపరాదు. పైన ఎచ్చటనో మట్టి అడ్డుపడినదని తెలిసికొనవలెను.

5. కదలుట: ఈ గుర్తులు కనబడినను, హెచ్చరిక అందినను పగలుండగనే పశువులను విప్పి, పిల్లలను వృద్ధులను తీసికొని గెడ్డకు దూరముగా, ప్రక్కనున్న మిట్టకు చేరవలెను. గెడ్డ వెంబడి క్రిందికి పరుగెత్తరాదు. 112 నంబరుకు ఫోను చేసి తెలుపవలెను. హెచ్చరిక వచ్చి కొండ జారకపోయినచో ఒక రాత్రి నిద్ర మాత్రమే నష్టము. మరల హెచ్చరిక వచ్చినప్పుడు దానిని నిర్లక్ష్యము చేయరాదు.

ఒక ఊరిలో నలుగురు రైతులు ఐదేండ్లు విడువక వాన వ్రాసినచో ఆ కొండకు తగిన హద్దు కట్టుటకు ఆధారము దొరకును. ఆ లెక్కలు లేని ఊరికి ఎంత మంచి కంప్యూటరైనను ప్రక్క ఊరి వానను బట్టి ఊహ మాత్రమే చెప్పగలదు. కావున వచ్చు వానకాలమునకు ముందే ప్రతి కొండ గ్రామమున ఒక వాన డబ్బా, ఒక పుస్తకము సిద్ధపరచుకొనుట ఎంతయు అవసరము.